అకాయ్ ఎస్950లో ఫ్లాపీ తీసి గోటెక్ పెట్టాను: తిప్పలన్నీ 2, 34 పిన్నుల దగ్గరే

ఎస్950 మూత విప్పి, ఫ్లాపీ డ్రైవు ఊడదీసి, ఆ జాగాలో గోటెక్ (ఫ్లాపీల బదులు పెన్‌డ్రైవ్ మీది ఫైళ్లని అందించే డబ్బా) కూర్చోబెట్టడం అరగంట పని. అది డిస్కుల్ని అకాయ్ మిషన్‌కి అర్థమయ్యేలా అందించడానికి మాత్రం మూడు సాయంత్రాలు పట్టింది. ఆలస్యమంతా రెండు పిన్నుల దగ్గరా, ఒక ఫైలు సైజు దగ్గరా జరిగింది. ఆ మూడూ ముందే తెలిస్తే ఒక సాయంత్రంలో తేలిపోయే వ్యవహారం ఇది.

అకాయ్ ఎస్950 1988 నాటి 12 బిట్ శాంపిలర్, అంటే శబ్దాల్ని రికార్డు చేసుకుని వాటిని వాయించే మిషన్. మెమరీ 750 కిలోబైట్లు. అదనపు బోర్డులు వేస్తే 2.25 మెగాబైట్ల దాకా వెళుతుంది. స్విచ్ ఆపితే ఆ మెమరీలో ఉన్నదంతా పోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఈప్రామ్ చిప్పుల్లో ఉంటుంది కాబట్టి డ్రైవు చచ్చినా మిషన్ లేస్తుంది, కానీ లేచి చేసేదేమీ ఉండదు. ఎన్సోనిక్ ఈపీఎస్, ఏఎస్ఆర్-10 అనే శాంపిలర్ల పరిస్థితి ఇంకా అన్యాయం. వాటి ఆపరేటింగ్ సిస్టమే ఫ్లాపీలో ఉంటుంది. డ్రైవు పోతే అవి అసలు మొదలే కావు.

విప్పడానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. చాలామంది దీన్ని చివరికి వదిలేసి తర్వాత బాధపడతారు. ఉన్న డిస్కులన్నీ ముందే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. బజారులో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు దీనికి పనికిరాదు. దానికి 720 కిలోబైట్లు, 1.44 మెగాబైట్ల లాంటి పీసీ ఫార్మాట్లే తెలుసు. అకాయ్ డిస్కు పెడితే ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. పొరపాటున అవునన్నామా, అంతే సంగతులు. నేను గ్రీజ్‌వీజిల్ బోర్డునీ, పాత డెస్క్‌టాప్ నుంచి పీకిన మామూలు 3.5 అంగుళాల డ్రైవునీ వాడాను. గ్రీజ్‌వీజిల్ డిస్కు మీది అయస్కాంత మార్పుల్ని ఉన్నవి ఉన్నట్టు లాగేస్తుంది. అది అకాయ్‌దా, ఎన్సోనిక్‌దా అన్న సంగతి తర్వాత సాఫ్ట్‌వేరు తేలుస్తుంది. అందులో అకాయ్ 800, అకాయ్ 1600, ఎన్సోనిక్ 800, ఎన్సోనిక్ 1600 అన్న పేర్లతో ఫార్మాట్లు ముందే ఉన్నాయి.

ముందు ఆ అయస్కాంత మార్పుల ముడి ఫైలు (ఫ్లక్స్ ఫైలు) తీసుకోండి, దాన్ని డిస్కులోని డేటాకి నకలు ఫైలుగా, అంటే ఇమేజ్‌గా మార్చడం ఆ తర్వాత చూసుకోవచ్చు. మన తేమకి ముప్ఫై ఏళ్ల డిస్కుల మీద బూజు పట్టి ఉంటుంది. షట్టర్ జరిపి, వెనక ఉన్న లోహపు చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే తెల్లటి మరకలు కనిపిస్తాయి. అలాంటి డిస్కుని డ్రైవులో పెడితే బూజు హెడ్‌కి అంటుకుంటుంది, ఆ హెడ్ తర్వాత పెట్టిన మంచి డిస్కుని కూడా గీకేస్తుంది. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, రెండు వైపులా తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. ప్రతి అనుమానపు డిస్కు తర్వాతా హెడ్ తుడవాలి. కొన్ని డిస్కులు తుడిచినా ఒక్క విడతే చదవనిస్తాయి, అందుకే ఫ్లక్స్ ముందు అన్నాను. సెక్టర్లు (డిస్కు మీది డేటా ముక్కలు) తప్పిపోయినట్టు సాఫ్ట్‌వేరు చూపే పటంలో చుక్కలు కనిపిస్తే, ఎక్కువ చుట్లు చదవమని చెప్పి మళ్లీ తీయాలి.

ఇంకో చిక్కు. శాంపిలర్‌లోని డ్రైవు ఏళ్ల తరబడి వాడకంలో అలైన్‌మెంట్ కొద్దిగా తప్పి ఉండవచ్చు. అది రాసిన డిస్కులు దానికే కనిపిస్తాయి, మంచి డ్రైవు మాత్రం వాటిని చదవలేదు. అలాంటప్పుడు డిస్కుల్ని అనుమానించొద్దు. శాంపిలర్‌లోంచి తీసిన ఆ డ్రైవునే గ్రీజ్‌వీజిల్‌కి తగిలించి, అదే హెడ్‌తో చదవాలి. నా దగ్గరున్న డిస్కుల్లో కొన్ని అలాగే బయటపడ్డాయి. కాబట్టి పాత డ్రైవు పాడైందని చెత్తబుట్టలో వెయ్యకండి. తిరుగుతున్నంత కాలం దాని అవసరం ఉంది.

ఇక సామాను. గోటెక్ అంటే ఫ్లాపీ డ్రైవు ఆకారంలో ఉండే డబ్బా. ముందు యూఎస్‌బీ రంధ్రం, రెండు బటన్లు, మూడంకెల డిస్‌ప్లే ఉంటాయి. వెనక 34 పిన్నుల కనెక్టరు, కరెంటు కనెక్టరు. 1.44 మెగాబైట్ల రకం కొనండి. లోపల ఎస్‌టీఎం32 చిప్పు ఉండవచ్చు. కొత్త వాటిలో ఆర్టెరీ కంపెనీ ఏటీ32 చిప్పు వస్తోంది. రెండిటికీ ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (చిప్పులో ఉండే సాఫ్ట్‌వేరు) పనిచేస్తుంది, కానీ ఎక్కించే సాధనం వేరు కాబట్టి డబ్బా విప్పి చిప్పు మీద పేరు చదువుకోవాలి. దీనితోపాటు 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ మాడ్యూల్, ఆడ కొనలున్న జంపర్ వైర్లు నాలుగైదు, 128×32 చుక్కల చిన్న ఓఎల్ఈడీ తెర, తిప్పే ఎన్‌కోడర్, పెన్‌డ్రైవ్, ఎం3 స్క్రూలు. రిబ్బన్ కేబుల్ పాతదే సరిపోతే సరే, లేకపోతే 34 పిన్నులది కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట కొనలు నొక్కించుకోవచ్చు.

ఫర్మ్‌వేర్ మార్చకుండా గోటెక్‌ని ఎస్950లో పెట్టి ప్రయోజనం లేదు. ఫ్యాక్టరీ ఫర్మ్‌వేర్‌కి తెలిసింది పీసీ 1.44 మెగాబైట్ల ఫార్మాట్ ఒక్కటే. అకాయ్ ఫార్మాట్ దానికి అయోమయం. ఒకసారి పాతది చెరిపాక దాన్ని వెనక్కి తెచ్చుకోలేం, ఎందుకంటే చదవకుండా తాళం వేసి పంపుతారు, తాళం తీస్తే మొత్తం చెరిగిపోతుంది. నాకు దాని మీద బెంగ కలగలేదు.

ఎక్కించే పద్ధతి ఇది. గోటెక్‌ని ఏ మిషన్‌కీ తగిలించకుండా బల్ల మీద పెట్టాలి. బోర్డు మీద ప్రోగ్రామింగ్ రంధ్రాలుంటాయి. కొన్నింటికి పిన్నులు ఉండవు, మనమే టంకం పెట్టుకోవాలి. సీరియల్ మాడ్యూల్ నుంచి 5 వోల్టులు, గ్రౌండు నేరుగా, టీఎక్స్ ఆర్ఎక్స్‌కీ, ఆర్ఎక్స్ టీఎక్స్‌కీ కలపాలి. బూట్0 అన్న పిన్నుని 3.3 వోల్టులకు జంపర్‌తో కలిపాకే కరెంటు ఇవ్వాలి. అప్పుడు చిప్పు తన మామూలు పని మానేసి బూట్‌లోడర్‌లో ఆగుతుంది. ఎస్‌టీఎం32 అయితే క్యూబ్ ప్రోగ్రామర్‌తో, ఆర్టెరీ అయితే వాళ్ల ఐఎస్‌పీ సాధనంతో ముందు తాళం తీసి, తర్వాత ఫైలు ఎక్కించాలి. చిప్పు దొరకట్లేదని సందేశం వస్తే పదిలో తొమ్మిదిసార్లు టీఎక్స్, ఆర్ఎక్స్ తారుమారై ఉంటాయి, లేదా బూట్0 జంపర్ కరెంటు ఇచ్చాక పెట్టి ఉంటారు. అయిపోయాక జంపర్ తీసేసి మళ్లీ కరెంటు ఇస్తే డిస్‌ప్లే మీద ఎఫ్-ఎఫ్ అని వెలగాలి. తర్వాతి వెర్షన్లకి ఈ తంతు అక్కర్లేదు. అప్‌డేట్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, రెండు బటన్లూ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే చాలు.

ఇప్పుడు శాంపిలర్ విప్పడం. మెయిన్స్ వైరు గోడ నుంచి పీకి, కాసేపు ఆగి మూత తీయాలి. జపాన్ నుంచి వచ్చిన సెట్టు అయితే వెనక 100 వోల్టులని రాసి ఉందేమో చూసుకోండి. అది మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టే సరుకు కాదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. కేబుళ్లు ఊడదీసే ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను; ముఖ్యంగా రిబ్బన్ మీది ఎర్ర గీత ఏ వైపు ఉందో, పాత డ్రైవు మీద సెలెక్ట్ జంపర్ (డ్రైవు నంబరు నిర్ణయించే చిన్న తొడుగు) ఏ స్థానంలో ఉందో తెలిసేలా.

కరెంటు కనెక్టరు దగ్గర తొందర పనికిరాదు. మామూలు ఫ్లాపీ కనెక్టరులో మొదటి పిన్ను 5 వోల్టులు, రెండూ మూడూ గ్రౌండు, నాలుగోది 12 వోల్టులు. గోటెక్‌కి 5 వోల్టులు ఒక్కటే కావాలి. పాత మిషన్లలో వైర్ల వరస, రంగులు వాళ్ల ఇష్టం వచ్చినట్టు ఉంటాయి. రంగుల్ని నమ్మకుండా, డ్రైవు ఊడదీశాక మిషన్‌కి కరెంటు ఇచ్చి ఒక్కో పిన్ను మీదా మల్టీమీటర్ పెట్టి రాసుకున్నాను. 12 వోల్టులు 5 వోల్టుల పిన్నులోకి వెళితే గోటెక్ పొగ పెట్టి వెళ్లిపోతుంది, పెన్‌డ్రైవ్‌ని కూడా వెంట తీసుకుపోతుంది.

34 పిన్నుల కనెక్టరు తిరగేసి పెట్టడం అందరూ చేసే తప్పు. గోటెక్ మీద చాలాసార్లు పిన్నుల చుట్టూ గోడ ఉండదు, ఎటు పెట్టినా దిగుతుంది. గుర్తుపట్టడానికి సులువైన మార్గం ఉంది. ఫ్లాపీ బస్సులో బేసి పిన్నులన్నీ గ్రౌండే. మీటరు బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొన గోటెక్ గ్రౌండు మీదా రెండోది వరసగా పిన్నుల మీదా పెడితే, ఏ వరస మొత్తం కూస్తుందో అది బేసి వరస. కేబుల్లోనూ అలాగే చూసి కూసే వరసకి కూసే వరస కలపాలి. తిరగబడితే సంకేతాలన్నీ గ్రౌండుకి వెళ్లి డ్రైవు ఎప్పుడూ సెలెక్ట్ అయినట్టే ఉంటుంది. సాధారణంగా ఏదీ కాలిపోదు, కానీ ఏదీ పనిచెయ్యదు.

సెలెక్ట్ జంపర్ విషయంలో పీసీ అలవాటు మోసం చేస్తుంది. పీసీ కేబుల్లో మధ్యలో మెలి ఉంటుంది కాబట్టి అక్కడ డ్రైవులన్నీ రెండో నంబరుగా, అంటే 12వ పిన్ను మీద పెడతారు. శాంపిలర్లలో, సింథుల్లో కేబుల్ తిన్నగా ఉంటుంది, సెలెక్ట్ మామూలుగా 10వ పిన్ను మీద వస్తుంది. గోటెక్ మీద ఎస్0 అంటే 10, ఎస్1 అంటే 12. కేబుల్ తిన్నగా ఉంటే ఎస్0తో మొదలుపెట్టండి. పాత డ్రైవు జంపర్ వేరే చెబితే దాని మాటే వినండి.

బిగించాను, కరెంటు ఇచ్చాను, పెన్‌డ్రైవ్ పెట్టాను. శాంపిలర్ డిస్కు లేదంది. ఇక్కడి నుంచి మొదలైంది అసలు పని.

34వ పిన్ను గురించి రెండు సంప్రదాయాలున్నాయి. పాత షుగార్ట్ సంప్రదాయంలో అది రెడీ సంకేతం: డిస్కు ఉంది, తిరుగుతోంది, చదువుకోవచ్చు అని డ్రైవు చెప్పే మాట. పీసీ సంప్రదాయంలో అదే పిన్ను డిస్క్ చేంజ్: ఎవరో డిస్కు మార్చారు, పాత జాబితా నమ్మకు అని చెప్పే మాట. ఎస్950 రెడీ కోసం చూస్తుంది. గోటెక్ పీసీ మోడ్‌లో ఉంటే ఆ మాట ఎప్పటికీ రాదు, మిషన్ ఖాళీ డ్రైవు అనుకుని ఊరుకుంటుంది. మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవు పెట్టినా శాంపిలర్‌లో పనిచెయ్యకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

దాన్ని షుగార్ట్ మోడ్‌లోకి మార్చాను. ఈసారి మిషన్ డిస్కు ఉందని ఒప్పుకుంది, కానీ డీడీ (డబుల్ డెన్సిటీ), హెచ్‌డీ (హై డెన్సిటీ) ఇమేజ్‌ల్లో ఒక రకం చదివితే రెండో రకం దగ్గర తప్పు చూపింది. కారణం 2వ పిన్ను. ఎస్950 రెండు సాంద్రతల డిస్కులూ వాడుతుంది: 800 కిలోబైట్ల డీడీ, 1.6 మెగాబైట్ల హెచ్‌డీ. ఫ్లాపీ డబ్బాకి రెండో చిల్లు ఉందో లేదో చూసి, లోపల ఉన్నది హెచ్‌డీనా కాదా అని డ్రైవు 2వ పిన్ను ద్వారా మిషన్‌కి చెబుతుంది. దాన్ని బట్టి మిషన్ డేటా వేగం మార్చుకుంటుంది. షుగార్ట్ మోడ్‌లో గోటెక్ 2వ పిన్ను మీద డిస్కు మార్పు సంగతి చెబుతుందే తప్ప సాంద్రత సంగతి చెప్పదు.

అంటే ఎస్950కి కావాల్సింది ఈ రెండిటి కలగలుపు: 34 మీద రెడీ, 2 మీద హెచ్‌డీ సూచన. ఫ్లాష్‌ఫ్లాపీలో ఇదే పేరుతో మోడ్ ఉంది. పెన్‌డ్రైవ్ మొదటి ఫోల్డర్‌లో ఎఫ్ఎఫ్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైలు పెట్టి, అందులో ఇంటర్‌ఫేస్ అన్న వరసకి ఎదురుగా అకాయ్-ఎస్950 అని రాయాలి. (ఫైల్లో అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి, నేను పలికినట్టు రాస్తున్నాను.) బోర్డు మీద జేసీ అనే జంపర్‌తో కూడా షుగార్ట్, పీసీ మోడ్లు మార్చవచ్చు, కానీ అకాయ్ మోడ్ దాంతో రాదు. ఫైలే రాయాలి.

వేరే మిషన్‌కి ఏ మోడ్ అన్నది తెలియకపోతే పాత డ్రైవునే అడగవచ్చు. అది ఇంకా పనిచేస్తుంటే, తీసే ముందు 34వ పిన్నుకీ గ్రౌండుకీ మధ్య వోల్టేజి చూడండి. డిస్కు పెట్టి మోటారు తిరుగుతున్నప్పుడు 0 దగ్గరికి పడి, డిస్కు తీస్తే 5కి లేస్తే అది రెడీ. డిస్కు తీసినప్పుడు పడి, కొత్త డిస్కు పెట్టి హెడ్ కదిలాక లేస్తే అది డిస్క్ చేంజ్. 2వ పిన్ను మీద కూడా డీడీ, హెచ్‌డీ డిస్కులు మార్చి మార్చి పెట్టి చూడాలి. డ్రైవు సెలెక్ట్ అయినప్పుడే ఈ సంకేతాలు వస్తాయి కాబట్టి మిషన్ చేత డైరెక్టరీ చదివిస్తూ కొలవాలి.

పిన్నులు కుదిరాక కూడా సగం ఇమేజ్‌లు చదవలేదు. ఇది ఫైలు సైజు కథ. అకాయ్ డీడీ డిస్కులో 80 ట్రాకులు (డేటా ఉండే గుండ్రటి దారులు), రెండు వైపులు, ట్రాకుకి 1,024 బైట్ల సెక్టర్లు 5. లెక్క వేస్తే 8,19,200 బైట్లు. ఎన్సోనిక్ డీడీ డిస్కులో 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకి 512 బైట్ల సెక్టర్లు 10. ఇదీ 8,19,200 బైట్లే! హెచ్‌డీలో అకాయ్‌కి 10 సెక్టర్లు, ఎన్సోనిక్‌కి 20. రెండూ 16,38,400 బైట్లు. ఐఎంజీ ఫైల్లో సెక్టరు ఎంత పొడవో, నంబర్లు ఎక్కడ మొదలవుతాయో అన్న సమాచారం ఏమీ ఉండదు, ఒట్టి డేటా ఉంటుంది. కాబట్టి సైజు చూసి అది ఏ జాతి డిస్కో గోటెక్ తేల్చుకోలేదు. అకాయ్ సెక్టర్లు 1 నుంచి లెక్కపెడుతుంది, ఎన్సోనిక్ 0 నుంచి. తప్పు ఊహిస్తే మిషన్ అడిగిన సెక్టరు ఆ ట్రాకులో ఉండనే ఉండదు. దీనికి మందు అదే ఫైల్లో ఇంకో వరస: హోస్ట్ ఎదురుగా అకాయ్. ఎన్సోనిక్ మిషన్ అయితే హోస్ట్ ఎదురుగా ఎన్సోనిక్ రాసి, ఇంటర్‌ఫేస్ షుగార్ట్‌తో మొదలుపెట్టండి. నా ఇమేజ్‌లు కొన్నిటిని సెక్టరు వివరాలు కూడా దాచే హెచ్‌ఎఫ్‌ఈ రకంగా మార్చి పెట్టుకున్నాను, అందుకే సగం ముందే చదివాయి. ఆ సంగతి గమనించేసరికి రెండో సాయంత్రం అయిపోయింది.

లోపం పిన్నుల్లోనా, లేఅవుట్‌లోనా (సెక్టర్ల అమరికలోనా) అన్నది ఓఎల్ఈడీ తెర చూస్తే తెలిసిపోతుంది. డైరెక్టరీ అడిగినప్పుడు తెర మీద ట్రాక్ నంబరు అసలు కదలకపోతే సెలెక్ట్ జంపరో, రెడీయో, కేబులో చూసుకోవాలి. నంబరు కదిలి, మళ్లీ 0కి వచ్చి, మళ్లీ వెళ్లి, ఇలా నాలుగైదుసార్లు తచ్చాడి తప్పు చూపితే వైరింగ్ బాగానే ఉన్నట్టు. మిషన్ తనకి కావాల్సిన సెక్టరు దొరక్క వెతుక్కుంటోంది. అప్పుడు హోస్ట్ వరసా, సాంద్రతా చూడాలి. మూడంకెల డిస్‌ప్లేతో ఇంత వివరం రాదు. తెర అలంకారం అనుకున్నాను గానీ సగం మరమ్మతు దాని వల్లే జరిగింది.

హెచ్‌ఎఫ్‌ఈ గురించి రెండు మాటలు. ఇది సెక్టర్ల డేటా కాదు, ట్రాకు మీద బిట్లు ఎలా పడతాయో అలాగే దాచే రకం. అందుకే 800 కిలోబైట్ల డిస్కుకి ఫైలు దాదాపు 2 మెగాబైట్లు, హెచ్‌డీకి 4 మెగాబైట్లు అవుతుంది. సెక్టరు లెక్కలు అందులోనే ఉంటాయి కాబట్టి హోస్ట్ వరసతో పని లేదు. వింత ఫార్మాట్లున్న మిషన్లకి ఇదే దారి. ఎన్సోనిక్ మిరాజ్ చూడండి: ఒకే వైపు, 80 ట్రాకులు, ట్రాకుకి 1,024 బైట్ల సెక్టర్లు 5, వాటి వెనక 512 బైట్ల సెక్టరు 1, మొత్తం 440 కిలోబైట్లు. హెచ్‌ఎక్స్‌సీ ఫ్లాపీ ఎమ్యులేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఐఎంజీ నుంచి హెచ్‌ఎఫ్‌ఈకి మారుస్తుంది. నా మట్టుకు అకాయ్‌కి ఐఎంజీయే సుఖం, ఎందుకంటే కంప్యూటర్లో నేరుగా విప్పి శాంపిళ్లు తీసుకోవచ్చు.

ఖాళీ డిస్కు తయారు చెయ్యడం చిటికెలో పని. సరిగ్గా 8,19,200 బైట్ల సున్నాల ఫైలు చేసి ఐఎంజీ అని పేరు పెట్టాలి. విండోస్‌లో ఎఫ్ఎస్‌యుటిల్, లైనక్స్‌లో ట్రంకేట్ ఆ పని చేస్తాయి. ఒక్క బైటు తేడా వచ్చినా లేఅవుట్ పట్టిక దానికి సరిపోలదు. తర్వాత శాంపిలర్ డిస్క్ మెనూలో ఫార్మాట్ చెయ్యాలి. ఒక ప్రోగ్రామ్ సేవ్ చేసి, మిషన్ పూర్తిగా ఆపి, మళ్లీ లోడ్ చేసి మోగించి చూస్తేనే పరీక్ష అయినట్టు. డైరెక్టరీలో పేరు కనిపించింది కదా అని అక్కడే ఆగొద్దు.

పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఉండాలి. వెయ్యి డీడీ ఇమేజ్‌లు పెట్టినా 820 మెగాబైట్లు దాటవు కాబట్టి ఇంట్లో మూలపడ్డ చిన్నదే చాలు, కానీ మరీ నాసిరకం వద్దు, రాసేటప్పుడు నత్తనడక నడుస్తాయి. సేవ్ అయిపోయిందని మిషన్ చెప్పిన క్షణమే పెన్‌డ్రైవ్ లాగకండి. మిషన్ దృష్టిలో పని అయిపోయినా గోటెక్ చివరి ట్రాకుని పెన్‌డ్రైవ్ మీదికి దించుతూ ఉండవచ్చు. రెండు మూడు సెకన్లు ఆగితే పోయేదేం లేదు.

నంబర్ల పద్ధతి కావాలంటే ఫైళ్ల పేర్లు డీఎస్‌కేఏ అక్షరాలతో మొదలై 0000, 0001 అని సాగాలి. నంబరు వెనక మీ పేరు తగిలించుకోవచ్చు. ఓఎల్ఈడీ, ఎన్‌కోడర్ ఉంటే ఆ అవసరం లేదు, ఫోల్డర్లు చేసుకుని పేర్లతోనే వెతుక్కోవచ్చు. డ్రమ్స్ ఒక ఫోల్డరు, తీగ వాయిద్యాలు ఒకటి, పాటలకి ఒకటి. స్టేజీ మీద వాడేవాళ్లు మాత్రం నంబర్లే పెట్టుకోండి. చీకట్లో ఎన్‌కోడర్ తిప్పుతూ పేరు వెతకడం కన్నా 012 గుర్తుపెట్టుకోవడం తేలిక. సంపాదించిన లైబ్రరీ ఇమేజ్‌లన్నిటికీ కంప్యూటర్లో రీడ్-ఓన్లీ గుర్తు పెట్టేశాను. అప్పుడు శాంపిలర్‌కి అవి చిల్లు తెరిచిన ఫ్లాపీల్లా కనిపిస్తాయి, పొరపాటున ఫార్మాట్ నొక్కినా చెరగవు.

వేగం పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి. ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, చుట్టుకి 200 మిల్లీసెకన్లు. గోటెక్ అదే వేగాన్ని నటిస్తుంది, లేకపోతే మిషన్‌లోని కంట్రోలరుకి అర్థం కాదు. 160 ట్రాకులకి ఎంత లేదన్నా 32 సెకన్లు. కానీ హెచ్‌డీ ఇమేజ్‌లో అదే 32 సెకన్లకి రెట్టింపు డేటా వస్తుంది కాబట్టి, మెమరీ బోర్డులు వేసిన ఎస్950లో హెచ్‌డీకి మారడం లాభం. పాత డ్రైవు మళ్లీ మళ్లీ ప్రయత్నించి తినేసిన సమయం ఎలాగూ మిగులుతుంది.

ఓఎల్ఈడీ వైర్లు జానెడు కన్నా పొడవు పెట్టొద్దు. మొదట వాటిని ఆడియో బోర్డు పక్కగా తీసుకెళ్లాను. హెడ్‌ఫోన్‌లో ఏదీ మోగనప్పుడు సన్నటి ఈల వినిపించింది. వైర్లు మెలిపెట్టి, అటువైపు చట్రం అంచున తిప్పాక తగ్గింది. పైగా డిస్‌ప్లే ఆఫ్ సెకన్ల వరసలో 10 అని పెట్టాను. డిస్కు వాడనప్పుడు తెర ఆరిపోతుంది, ఈల పూర్తిగా ఆగుతుంది. రికార్డింగ్‌కి వాడే మిషన్‌లో ఈ వరస తప్పకుండా రాసుకోండి.

మరీ పాత మిషన్లలో ఇంకో ప్రమాదం ఉంది. కంట్రోలర్ బోర్డు మీద పుల్-అప్ రెసిస్టర్లు (సంకేతపు లైనుని 5 వోల్టుల వైపు లాగి ఉంచేవి) 150 ఓములవి ఉంటే, సంకేతాన్ని కిందికి లాగడానికి డ్రైవు 33 మిల్లీ ఆంపియర్లు మింగాలి. గోటెక్‌లోని ఎస్‌టీఎం32 పిన్ను గరిష్ఠ పరిమితి 25. కొన్నాళ్లు పనిచేసి తర్వాత పిన్ను కాలిపోవచ్చు, లేదా సంకేతం పూర్తిగా కిందికి దిగక అప్పుడప్పుడూ తప్పులు రావచ్చు. కరెంటు తీసేసి, మిషన్ వైపు కేబుల్లో 30వ పిన్నుకీ 5 వోల్టుల లైనుకీ మధ్య ఓములు కొలవండి. 1,000 దగ్గర చూపితే నిశ్చింత. 150 దగ్గర చూపితే మధ్యలో 7407 బఫర్ చిప్పు పెట్టుకోవాలి.

యమహా ఎస్‌వై77 లాంటి సింథులు 720 కిలోబైట్ల మామూలు ఫార్మాట్ వాడతాయి కాబట్టి లేఅవుట్ గొడవ ఉండదు, కానీ వాటికి 1.44 ఇమేజ్ పెడితే చదవవు. 7,37,280 బైట్లదే పెట్టాలి. ల్యాప్‌టాప్ తరహా సన్న డ్రైవు, 26 పిన్నుల ఫ్లాట్ కేబుల్ ఉన్న కీబోర్డులకి 26 నుంచి 34కి మార్చే చిన్న బోర్డు కావాలి. అందులో కరెంటు కూడా ఆ కేబుల్లోనే వస్తుంది, విడిగా వైరు లాగక్కర్లేదు.

బిగింపు దగ్గర ఒక్క మాట. గోటెక్ ముఖం 101.6 మిల్లీమీటర్ల వెడల్పు, 25.4 ఎత్తు. పాత డ్రైవుల పక్క రంధ్రాలు ఒక్కోసారి వేరే ఎత్తులో ఉంటాయి. అప్పుడు గోటెక్ డబ్బాకి చిల్లులు పెట్టుకోండి, శాంపిలర్ చట్రాన్ని మాత్రం ముట్టుకోకండి. తీసిన డ్రైవుకి హెడ్ తుడిచి, హెడ్‌ని జరిపే మర కడ్డీ మీద గట్టిపడ్డ గ్రీజు తీసి కొత్తది కొద్దిగా పూసి, దాని స్క్రూలు, జంపర్ స్థానం రాసిన చీటీతో సహా యాంటీస్టాటిక్ కవర్లో పెట్టాను. ఇంకా చదవాల్సిన డిస్కులు పదకొండు మిగిలాయి, వాటికి అదే కావాలి.